వేళకు అందవలసిన మాట

గ్రామ ఆరోగ్య కేంద్రములో ఒక వృద్ధురాలు తెర యెదుట కూర్చుండి, పట్టణమునందున్న వైద్యునితో మాటలాడుచున్నదని అనుకొందము. వైద్యుడు ఆమె చెప్పినదంతయు విని, “పెద్దమ్మా, ఈ మాత్ర పరగడుపున వేసుకోవద్దు” అనెను. దారిలో ఎచ్చటనో చిక్కు కలిగి చివరి రెండక్షరములు జారిపోయినవి. ఆమెకు వినబడినది “ఈ మాత్ర పరగడుపున వేసుకో” అని మాత్రమే. మన భాషలో కాదనెడి మాట సామాన్యముగ వాక్యము చివర వచ్చును. తెగిపోయినది అదే యైనచో అర్థము తలక్రిందులగును.

ఇట్టి చిక్కులు కలిగినప్పుడు పంచాయతీ సమావేశములలో వినవచ్చు మాట ఒకటి కలదు: “మనకు స్పీడు చాలదు, ఇంకను పెద్ద లైను వేయింపవలెను.” కొన్ని చోట్ల అది నిజమే. కాని పెక్కు చోట్ల లోపము లైను వెడల్పులో లేదు. పంపిన మాట మధ్యదారిలో నిలిచిపోవుటలో ఉన్నది. ఈ రెండింటికిని గల భేదము తెలియనిచో సొమ్ము వెచ్చించియు ఫలితము పొందజాలము. వేళకు అందవలసిన సమాచారమును కంప్యూటరు మార్గములలో నడపుటకు ఇంజనీర్లు అర్ధ శతాబ్దమునకు పైగా కృషి చేసిరి. వారు కనిపెట్టిన ఉపాయములను గ్రహించినచో మన గ్రామములోని లోపము ఎచ్చట ఉన్నదో విచారించుట సులభమగును.

రాజబాట పోయి పొట్లములు వచ్చుట

పూర్వపు టెలిఫోను పద్ధతిలో ఇద్దరు మాటలాడుకొనునప్పుడు ఈ కొన నుండి ఆ కొన వరకు ఒక మార్గము వారికొరకే ప్రత్యేకింపబడి యుండెడిది. వారు మౌనముగ నున్నను ఇతరులెవ్వరును ఆ మార్గమున పోరాదు. అందువలన పలికిన మాట పలికిన వేగముననే చేరెడిది. కంప్యూటర్ల సంభాషణ అట్టిది కాదు. ఒక్క క్షణము వరద వలె పంపి, పిదప చాలసేపు ఊరకుండుట వాటి స్వభావము. వాటికొరకు రాజబాటను ఖాళీగ ఉంచుట దుబారా.

అమెరికాలోని రాండ్ సంస్థలో పనిచేసిన పాల్ బారన్, యుద్ధములో కొన్ని కేంద్రములు ధ్వంసమైనను వార్తలు ఆగిపోని ఉపాయమును వెదకుచు, సందేశమును చిన్న తునకలుగ విభజించి, ఒక్కొక్క దానిపై చిరునామా వ్రాసి, దొరకిన దారిన పంపవలెనని సూచించెను. ఆయన పరిశోధన 1964లో పలు సంపుటములుగ వెలువడెను. ఇంగ్లండులో టెడ్డింగ్టను నందలి జాతీయ భౌతిక ప్రయోగశాలలో డొనాల్డ్ డేవిస్ 1965లో స్వతంత్రముగ అదే ఆలోచనకు వచ్చెను. ఆ తునకకు ‘ప్యాకెట్’ అను పేరు పెట్టినది ఆయనయే. మనము దానిని పొట్లమనవచ్చును. 1969 అక్టోబరు 29వ తేదీన అర్పానెట్ అను అమెరికా వ్యవస్థలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ శాఖ నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశమును పంపిరి. ‘లాగిన్’ అను ఆంగ్లపదము పంపబోగా రెండక్షరములు చేరగనే అవతలి యంత్రము స్తంభించినది.

పొట్లముల పద్ధతి పొదుపైనదే గాని, దానిలో ఒక గుణము పోయినది. పది బండ్లపై ధాన్యము మార్కెటు యార్డుకు పంపితిమనుకొనుడు. ఒక బండి రైలు గేటు వద్ద ఆగును, మరియొకటి చుట్టుదారిన పోవును, వెనుకది ముందు చేరును. ధాన్యమునకు ఇందువలన నష్టము లేదు. అన్నియు చేరిన పిదప కొలుచుకొనవచ్చును. అదే విధముగ పెండ్లి మేళమును పది బండ్లలో పంపినచో ఏమగును? డోలు ముందు వచ్చి, సన్నాయి ముహూర్తము దాటిన పిదప వచ్చినచో, ఆ సన్నాయి చేరినట్లా, చేరనట్లా? మాటయు, దృశ్యమును మేళము వంటివి. భూమి పత్రములు, బ్యాంకు లెక్కలు ధాన్యము వంటివి.

రసీదు అక్కరలేని పొట్లము

1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పొట్లములను తప్పిపోకుండ చేర్చు విధానమును ప్రకటించిరి. ప్రతి భాగమునకు సంఖ్య యుండును. చేరినదానికి అవతలివారు రసీదు పంపుదురు. రసీదు రానిచో పంపినవారు దానిని మరల పంపుదురు. పూర్వము రిజిస్టరు టపాకు సంతకముతో రసీదు తిరిగి వచ్చిన విధమే ఇది. ఒక భాగము తప్పిపోయినచో దాని వెనుక చేరినవన్నియు, ఆ లోపము పూరింపబడువరకు, గుమ్మము వద్ద వేచియుండవలెను. ఒక్క అంకె మారినను మునిగిపోవు లెక్కలకు ఇంతకంటె మేలైన పద్ధతి లేదు.

ఇంచుమించు ఆ కాలముననే, 1973–74 సంవత్సరములలో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన సమాచార శాస్త్ర సంస్థలో డానీ కొహెన్ అను ఆయనయు, ఆయన తోడివారును అర్పానెట్‌పై మానవుని కంఠమును పంప యత్నించుచుండిరి. వారికి ఎదురైన మొదటి ఆటంకము చోటు. కంప్యూటరు భాషలో అన్నిటికంటె చిన్న గుర్తును బిట్టు అందురు. మామూలు టెలిఫోను కంఠమును అంకెలుగ మార్చినచో సెకనుకు 64,000 బిట్లగును. అర్పానెట్ లైనులో పోగలిగినవి సెకనుకు 50,000 మాత్రమే. ఒక్క మనిషి గొంతునకే చోటు చాలలేదు!

ఈ ఆటంకమును దాటించిన విద్యకు పునాది వేసినవారిలో మన దేశస్థుడొకరు కలరు. కాన్పూరులో జన్మించి, అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన బిష్ణు అటల్, జపాను దేశపు ఇటకురా మున్నగువారు కంఠధ్వనిని సంక్షేపించు మార్గమును చూపిరి. ఇప్పుడు పలికిన ధ్వనిని బట్టి మరుక్షణపు ధ్వనిని చాలవరకు ఊహింపవచ్చును గనుక, ధ్వని నంతటిని పంపక, ఊహకు కావలసిన గుర్తులు మాత్రము పంపిన చాలుననునది దాని సారాంశము. దీనివలన కంఠము సెకనుకు నాలుగు వేల బిట్లకు లోపుననే ఇమిడినది. గొంతు కొంత మరమనిషిది వలె వినబడెడిది గాని మాట అర్థమయ్యెడిది.

రెండవ ఆటంకము రసీదు పద్ధతియే. తప్పిపోయిన తునకను మరల తెప్పించులోపల దాని వేళ దాటిపోవును. అంతేగాక దానికొరకు వెనుకటి మాటలన్నియు ఆగిపోవును. కనుక మాటకు సంబంధించినంతవరకు పోయినది పోనిచ్చి ముందుకు సాగుటయే మేలని కొహెన్ వర్గమువారు వాదించిరి. నాటి పద్ధతిలో చిరునామా చూచి చేర్చు పనియు, రసీదులు వ్రాయు పనియు ఒక్కటిగ కలిసియుండెను. 1978లో వాటిని వేరుచేసిరి. చిరునామా చూచి చేర్చు పని అందరికిని ఉమ్మడి. రసీదులు కోరువారికి మాత్రమే రసీదులు. రసీదు అక్కరలేని వారికొరకు 1980 ఆగస్టులో జాన్ పోస్టెల్ ‘యు.డి.పి.’ అను క్లుప్తమైన విధానమును ప్రకటించెను. దాని నిబంధనలు మూడు పుటలకు మించవు. అది చేరునని గాని, క్రమముగ చేరునని గాని ఏ హామీయు ఇవ్వదు. ఏమియు చేయకుండుట కూడ ఒక కల్పన కాగలదని మొదట విన్నవారికి వింతగ తోచును. కాని నేడు మనము చూచు దృశ్య సంభాషణలలో అధికభాగము ఈ హామీలేని పొట్లముల మీదనే నడచుచున్నది.

వేళ గుర్తు

వైద్యుని మాటను యంత్రము సాధారణముగ సెకనులో 50వ వంతు చొప్పున కోయును. అనగా ఒక్కొక్క తునక 20 మిల్లీసెకనులు. వేయి మిల్లీసెకనులు ఒక సెకను. ‘వద్దు’ అను మాట పలుకుటకు సుమారు 300 మిల్లీసెకనులు పట్టుననుకొన్నచో అది 15 పొట్లములుగ బయలుదేరును. వానిలో ఒకటి 40 మిల్లీసెకనులలో చేరును, వెనుకది 90, దాని వెనుకది 55. చేరినది చేరినట్లు వినిపించినచో గొంతు వణకి మాట చిందరవందరయగును.

దీనికి కనిపెట్టిన ఉపాయము మన ఊరి మంచినీటి ట్యాంకు వంటిది. విద్యుత్తు వచ్చి పోవుచుండుట వలన మోటారు ఆగి ఆగి నీరెక్కించినను, ట్యాంకులో నిలువ యున్నంతవరకు కొళాయిలో ధార ఒక్క తీరున వచ్చును. అట్లే వినువాని యంత్రము వచ్చిన పొట్లములను కొద్ది సేపు నిలువచేసి, పిదప సమమైన నడకతో విడుచును. నిలువ పెద్దదైనకొలది మాట నిలకడగ వచ్చును, కాని ఆలస్యమును పెరుగును. ఒక వైపు ప్రయాణమునకు 150 మిల్లీసెకనుల వరకు పట్టినను సంభాషణకు సామాన్యముగ ఇబ్బంది లేదనియు, 400 దాటరాదనియు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము సూచించినది. ఆలస్యము హెచ్చినచో ఒకరు మాటలాడుచుండగనే రెండవవారు మొదలిడుదురు; పిదప ఇరువురును ఆగుదురు; మరల ఇరువురును మొదలిడుదురు. ఈ అవస్థ మండల కార్యాలయపు దృశ్య సమావేశములలో పాల్గొన్న సర్పంచులకు క్రొత్త కాదు.

నిలువచేసి విడుచుటకు ఏది యెప్పటి పొట్లమో తెలియవలెను గదా. ఇందులకై ప్రతి పొట్లముపై రెండు గుర్తులు వేయుదురు: ఒకటి వరుస సంఖ్య, రెండవది పలికిన వేళ. రెండెందులకు, ఒకటి చాలదా యని అడుగవచ్చును. మాటలాడువాడు మధ్యలో ఊరకున్నచో ఆ సమయమున పొట్లములు పంపనక్కరలేదు. అప్పుడు వరుస సంఖ్య 71 తరువాత 72 గానే యుండును గాని వేళ మాత్రము రెండు సెకనులు ముందుకు దుముకును. అది మౌనమని వినువాని యంత్రము గ్రహించును. 71 తరువాత 73 వచ్చినచో అది మౌనము కాదు, నష్టము. ఈ చిన్న భేదము తెలియనిచో యంత్రము మౌనమును నష్టముగను, నష్టమును మౌనముగను పొరపడును.

1992 మార్చిలో అమెరికాలోని శాండియాగో నగరమున ఇంటర్నెట్ ఇంజనీర్ల సభ జరుగుచుండగ, సభలోని మాటలను మూడు ఖండములలోని 20 స్థలములకు అప్పటికప్పుడు వినిపించిరి. ఇట్టి ప్రయోగముల అనుభవముతో హెన్నింగ్ షుల్జ్‌రిన్, స్టీఫెన్ కాస్నర్, రాన్ ఫ్రెడెరిక్, వాన్ జాకబ్‌సన్ అనువారు 1996 జనవరిలో ‘ఆర్.టి.పి.’ అను ప్రమాణమును ప్రకటించిరి. పైని చెప్పిన రెండు గుర్తులును అందులోనివే. ఎన్ని పొట్లములు పోయినవో వినువాని వైపు నుండి అప్పుడప్పుడు సమాచారము పంపు ఏర్పాటు కూడ దానికి తోడుగ కలదు.

వేళకు రాని పొట్లము సంగతి యేమి? ఒక్కటి పోయినచో యంత్రము దాని ముందటి ధ్వనినే కొంచెము సాగదీసి పూడ్చును, చెవి గుర్తుపట్టదు. మరికొన్ని పద్ధతులలో ప్రతి పొట్లమునందును దాని ముందటి పొట్లపు సారము నొకింత చేర్చి పంపుదురు. కాని వరుసగ 15 పొట్లములు పోయినచో ఏ యంత్రమును ‘వద్దు’ అను మాటను సృష్టింపజాలదు. ఈ కల్పనలకు గల హద్దు ఇదియే.

వరుసలో నిలుచుట

అన్ని పొట్లములు ఒక్కసారి ఎందుకు పోవును? ఎందుకు ఆలస్యమగును? గాజు తంతిలో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. 2,000 కిలోమీటర్ల దూరమునకు 10 మిల్లీసెకనులు చాలును. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహము మీదుగ పోయిన మాటకు మాత్రము ఒక వైపునకే పావు సెకను పట్టును. తంతి మీద వచ్చు సంభాషణలో అర సెకను ఆలస్యమున్నచో అది ప్రయాణపు కాలము కాదు, ఎచ్చటనో వరుసలో నిలిచిన కాలము.

1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో ఒక విచిత్రము జరిగినది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, బర్క్‌లీ నందలి విశ్వవిద్యాలయమునకును మధ్య దూరము 400 గజములు. వాటి నడుమ సెకనుకు 32,000 బిట్లు పోవుచుండిన మార్గములో హఠాత్తుగ 40 బిట్లు మాత్రమే పోసాగినవి. తంతి తెగలేదు, యంత్రము చెడలేదు. రసీదులు ఆలస్యమగుట చూచి అందరును పంపినదానినే మరల మరల పంపుటచే దారి కిక్కిరిసినది. వాన్ జాకబ్‌సన్ దీనిని పరిశీలించి, 1988లో ప్రకటించిన ఉపాయమిది: ప్రతివాడును మొదట కొద్దిగ పంపి క్రమముగ పెంచవలెను; పొట్లము పోయినట్లు కనబడగనే పంపెడి వేగమును తగ్గించుకొనవలెను. ఇంటర్నెట్ నేటికిని నిలిచియుండుటకు ఈ మర్యాద ముఖ్యకారణము.

ఐతే ఈ మర్యాదకు పొట్లము పోవుటయే హెచ్చరిక. పిదప కాలమున కంప్యూటరు జ్ఞాపకశక్తి చౌక యగుటచే, కూడలి యంత్రములు చేయువారు, పొట్లము పోకుండుట మంచిదే గదా యని వాటిలో పెద్ద పెద్ద నిలువలు పెట్టిరి. ఉద్దేశము మంచిదే, ఫలితము చెడ్డది. వినువాని వద్ద మేలుచేసిన ట్యాంకు నడిదారిలో కీడు చేసినది. సెకనుకు 10 లక్షల బిట్లు పోగల లైనుకు ముందు 20 లక్షల బిట్ల నిలువ ఉన్నచో, అది నిండిన పిదప వచ్చిన పొట్లము 2 సెకనులు వేచియుండవలెను. పొట్లములేవియు పోవుట లేదు గనుక పంపువారికి హెచ్చరిక అందదు; వరుస తగ్గదు. ఒక ఇంటివారు పెద్ద చిత్రమును పంపుచుండగ ప్రక్కగదిలో మాట తెగిపోవుటకు తరచు కారణమిదియే. 2010లో జిమ్ గెటిస్ అను ఇంజనీరు తన ఇంటిలోని లైనును పరీక్షించి ఈ దోషమును బయటపెట్టెను.

2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ దీనికి మందు చెప్పిరి. రేషను దుకాణము వద్ద వరుస ఎంత పొడవున్నదని చూచుట కాదు. వరుసలో నిలిచిన వాడు ఎంతసేపు నిలిచెనో చూడవలెను. 20 మంది యున్నను చకచక కదలుచున్నచో బాధ లేదు. ఐదుగురే యున్నను గంటలు గడచినచో లోపమున్నట్లే. వారి పద్ధతిలో పొట్లములు నిలుచు కాలము 100 మిల్లీసెకనుల పాటు ఎడతెగక 5 మిల్లీసెకనులకు మించి యున్నచో, కూడలి యంత్రము బుద్ధిపూర్వకముగ ఒక పొట్లమును పారవేయును. ఆ నష్టమే హెచ్చరికయై పంపువారు తగ్గుదురు, వరుస కరగును. ఒక దానిని పారవేయుటచే తక్కినవన్నియు వేళకు చేరును.

ముందు ఎవరిది?

అత్యవసరమైన వాటిని ముందు పంపరాదా యన్న ప్రశ్న సహజము. 1981 నాటి ఇంటర్నెట్ నిబంధనలలోనే ప్రతి పొట్లముపై ప్రాముఖ్యమును తెలుపుటకు చోటు ఉంచిరి. కాని గుర్తు వేయువాడు పంపువాడే. తన పని అత్యవసరము కాదని ఎవడు వ్రాసికొనును? కాలువ చివరి భూముల తగవులు తీర్చిన పంచాయతీ సభ్యులకు ఇది వివరింపనక్కరలేదు. కావున ఒకరి గుర్తును వేరొకరు లక్ష్యపెట్టకపోయిరి. 1998లో వచ్చిన సవరణ ప్రకారము ప్రతి సంస్థయు తన సరిహద్దు వద్ద పొట్లములను తానే పరీక్షించి, తన పరిధిలో మాత్రమే చెల్లునట్లు వాటికి గుర్తులు వేయవచ్చును. వైద్యునితో సంభాషణకు ఆరోగ్య కేంద్రపు యంత్రములో ముందుస్థానమిచ్చుట ఈ విధముగనే సాధ్యమగును. సొమ్మును బట్టి కొందరికి దారి చౌక చేయుట వేరు విషయము. మన దేశములో టెలికాం నియంత్రణ సంస్థ 2016 ఫిబ్రవరిలో, చూచెడి విషయమును బట్టి వేర్వేరు ధరలు వసూలు చేయుటను నిషేధించినది.

గ్రామములో పరీక్ష

గ్రామ పంచాయతీలకు గాజు తంతి వేయు పథకమును కేంద్ర మంత్రివర్గము 2011 అక్టోబరులో ఆమోదించినది. దేశములోని సుమారు రెండున్నర లక్షల పంచాయతీలను కలుపుట దాని లక్ష్యము. నేడు అది భారత్‌నెట్ అను పేరుతో ప్రసిద్ధము. తంతి వచ్చిన చోట కార్యాలయము, పాఠశాల, ఆరోగ్య కేంద్రము ఒకే మార్గమును పంచుకొనుట కలదు. అట్టిచోట వరుస పెరుగునది తరచు మనకు దగ్గరగ, పంచుకొను యంత్రము వద్దనే.

దీనిని కనుగొనుటకు ఖర్చు లేని సాధనమొకటి కలదు. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అను అమెరికా దేశస్థుడు వ్రాసిన ‘పింగ్’ అను చిన్న ఆజ్ఞ అది. ఒక పొట్లము పోయి తిరిగి వచ్చుటకు ఎన్ని మిల్లీసెకనులు పట్టినదో, వందకు ఎన్ని రాలేదో అది తెలుపును. లైను బాగుచేయువారు వచ్చినప్పుడు రెండు పర్యాయములు దానిని నడపుమని అడుగవలెను: లైనును ఎవ్వరును వాడనప్పుడు ఒకసారి, ఎవరైన సినిమా దింపుకొనుచున్నప్పుడు మరియొకసారి. మొదటి పరీక్షలోనే పొట్లములు తప్పిపోయినచో తంతి అతుకులలో గాని, యంత్రములో గాని దోషమున్నదని అనుమానింపవలెను. మొదట 30 మిల్లీసెకనులుండి రెండవ పర్యాయము 600 ఐనచో తంతిలో దోషము లేదు, వరుసయే దోషము. అప్పుడు పెద్ద లైనుకు తీర్మానము వ్రాయుటకు ముందు, వరుసను అదుపులో ఉంచు కూడలి యంత్రమును గూర్చియు, ఆరోగ్య కేంద్రమునకు వేరు భాగము కేటాయించుటను గూర్చియు అడుగుట లాభకరము. రెండు పరీక్షల అంకెలను, తేదీని, వేళను పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచినచో మరుసటి ఫిర్యాదునకు అవి ఆధారమగును.

ఇక మొదట చెప్పిన పెద్దమ్మ విషయము. 2019లో ఆరంభమైన ఈ-సంజీవని సేవలో వైద్యుని మాటతో పాటు మందుల చీటీయు కంప్యూటరు ద్వారా వచ్చును. మాట వేళ కొరకు పూర్ణతను వదలుకొనును. చీటీ రసీదు పద్ధతిన వచ్చునది గనుక కొంత ఆలస్యమైనను అక్షరము పోకుండ వచ్చును. ఆరోగ్య కేంద్రపు సిబ్బంది ఆ చీటీని ఆమెకు చదివి వినిపించి, మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో, ఎప్పుడు వేసికొనరాదో ఆమె చేతనే తిరిగి చెప్పించిన పిదప ఇంటికి పంపవలెను.